నూట మూడు మీద రెండు గీతలు

పోయిన వారం మా మనవరాలికి జ్వరం వచ్చింది. భయపడవలసిన జ్వరం కాదు, ట్యూషన్ నుంచి వానలో తడిసి వచ్చింది. నా కూతురు ఇంకా ఆఫీసు నుంచి రాలేదు. నేను అలమారలోంచి థర్మామీటరు తీసి, అలవాటు చొప్పున మణికట్టు తిప్పి గట్టిగా నాలుగుసార్లు విదిలించాను. దుప్పటిలోంచి పిల్ల నవ్వింది.

"అవ్వా, అది బ్యాటరీది. విదిలించే పనిలేదు. బటన్ నొక్కితే చాలు, పాతది అదే మర్చిపోతుంది."

బటన్ నొక్కాను. చంకలో పెట్టాను. అది కీచుమని, తొంభై తొమ్మిది చూపించింది. మాత్ర వేసి, నోటుపుస్తకంలో అంకె, టైము రాసుకున్నాను. మా ఇంట్లో ఎవరికి ఒళ్ళు వెచ్చబడినా రాస్తాను. తేదీలు, లెక్కలు అంటే నాకు పిచ్చి అని ఇంట్లో నవ్వుకుంటారు. ఇప్పుడు చెప్పబోయే దానికి కూడా తేదీ, వారం, గంట అన్నీ నా దగ్గర ఉన్నాయి. తేదీ ఇక్కడ రాయను. ఊరి పేరూ రాయను. చిత్తూరికి బస్సులో గంట ప్రయాణం అని మాత్రం చెబుతాను. ఆ గంట ఇక్కడ కావాలి.

ఆ రోజుల్లో చెరకు కొట్టే కాలం వస్తే మా సంసారం ఊళ్ళో ఇంటికి తాళం వేసి గానుగ దగ్గరికి మారేది. నాలుగు నెలలు అక్కడే కాపురం. చెరకాకు కప్పిన కొట్టం, దాని ముందు రసం తీసే గానుగ, వెనక నేలలో తవ్విన పెద్ద పొయ్యి, పొయ్యి మీద నలుగురు పక్కపక్కన పడుకోగలిగినంత ఇనుప పెనం. అమ్మ ఎండిన చెరకుపిప్పి పొయ్యిలోకి ఎగదోసేది. మా నాయన పాకం చూసే మనిషి. గానుగ అందరిదీ. ఒక్కో రైతు తన వంతు వచ్చినప్పుడు చెరకు తెచ్చి ఆడించుకునేవాడు. ఎవరి చెరకైనా సరే, పెనం దించమని చెప్పవలసింది మాత్రం నాయనే. ఒక్క నిమిషం దాటితే మాడి నల్లబడుతుంది. ఒక్క నిమిషం ముందు దించితే ముద్ద కట్టదు, మెత్తగా కారిపోతుంది. ఏడాది కష్టం ఆ నిమిషంలో ఉంటుంది కాబట్టి, రసం పోసి పొయ్యి అంటించాక పాకం చూసే మనిషి పెనం వదిలి కదలకూడదు. ఎక్కడా రాసి లేదు గాని, ఆ చుట్టుపక్కల ఎవరూ దాటని కట్టుబాటు అది. నేను పుట్టిన కబురు వచ్చినప్పుడు కూడా నాయన పెనం దించాకే ఇంటికి వచ్చి నా మొహం చూశాడని మా జేజి చెప్పేది. జేజి అంటే నాయన తల్లి. ఆ మాట ఆమె తిట్టుగా చెప్పేదో గొప్పగా చెప్పేదో నాకు తెలిసేది కాదు.

ఆ వాసన ఇప్పుడు ఎక్కడా లేదు. పిప్పి పొగ, పచ్చి రసం, పొంగు అణగడానికి నాయన చిలకరించే ఆముదం, వీటన్నింటి మీదా వేడి బెల్లం. అర మైలు దూరంలో రోడ్డు మీద బస్సులో పోయేవాళ్ళు కూడా తలలు బయటికి పెట్టి పీల్చేవాళ్ళు. అదే బెల్లం చల్లబడి దిమ్మె అయ్యాక ముక్కు దగ్గర పెట్టుకుంటే గాని వాసన తెలిసేది కాదు. వేడిగా ఉంటే దానికి కాళ్ళు వస్తాయి అనేవాడు నాయన.

నేను ఏడో తరగతి. మా చెల్లెలికి ఆరేళ్ళు, ఇంకా బడికి పోయేది కాదు. ఒక్కచోట నిలిచే పిల్ల కాదు. గానుగ చుట్టూ, పెనం చుట్టూ, పిప్పి కుప్పల మీదా రోజంతా పరుగే. అక్కడి పిల్లలందరం గెణుసుగడ్డలు, అంటే చిలగడదుంపలు, దారానికి కట్టి పెనంలో వేలాడదీసేవాళ్ళం. పాకంలో ఉడికిన గడ్డ తీసి, నాలుక కాలుతుంటే ఊదుకుంటూ తినడం మా పండగ. ఒకసారి చెల్లెలు అందరికంటే పెద్ద గడ్డ కట్టింది. దారం తెగి గడ్డ పెనంలో మునిగిపోయింది. ఎవరికీ చెప్పకుండా వచ్చి నా వెనక నిలబడింది. నాలుగు రోజుల తర్వాత ఒక రైతు దిమ్మె పగలగొడితే లోపల గడ్డ ఉందట. ఆయన దాన్ని గుడ్డలో చుట్టుకుని గానుగ దాకా నడిచి వచ్చి, "ఏమప్పా, బెల్లానికి గింజ కూడా పెడతా ఉండావా ఇప్పుడు?" అని నాయనను అడిగాడు. నాయన చెల్లెలి వైపు చూశాడు. అది అప్పటికే పిప్పి కుప్ప ఎక్కేసింది.

ఆ ఏడాది మా బడికి కొత్త సైన్సు అయ్యోరు వచ్చారు. ఒకరోజు రెండు గాజు గ్లాసులు బల్ల మీద పెట్టారు. ఒకదానిలో కుండ నీళ్ళు, ఒకదానిలో కాగిన నీళ్ళు. రెండింటిలో ఒక్కో చుక్క సిరా వేశారు. వేడి నీళ్ళలో సిరా చూస్తుండగానే గ్లాసంతా పాకిపోయింది. చన్నీళ్ళలో సన్నటి దారంలా దిగి చాలాసేపు అలాగే వేలాడింది. మనం కలపలేదు, కదపలేదు, సిరాను ఎవరు మోసుకుపోయారు అని అడిగారు. మాకెవరికీ తెలియలేదు. నీళ్ళలో కంటికి కనపడనంత చిన్న రేణువులు ఎప్పుడూ పరుగెత్తుతూనే ఉంటాయనీ, అవే సిరాను గుద్ది గుద్ది అన్ని వైపులకూ తోస్తాయనీ, వేడి ఎక్కితే ఆ పరుగు ఎక్కుతుందనీ, థర్మామీటరులో మనం చదివే అంకె ఆ పరుగు జోరుకు కొలత అనీ చెప్పారు.

కొట్టానికి వచ్చి చెల్లెలికి అదే చేసి చూపించాను. అది చన్నీళ్ళ గ్లాసుకు ముక్కు ఆనించి, "ఈ నీళ్ళలో సిరా నిద్రపోతా ఉండాదా అక్కా?" అంది. మర్నాడు అయ్యోరిని అడిగాను. ఆయన నవ్వి, "నిద్రపోలేదు, మెల్లగా నడస్తా ఉండాది. ఎంత సల్లబడినా లోపల పూర్తిగా ఆగిపోయేది ఏదీ లేదని సెప్పు మీ చెల్లెలికి" అన్నారు. చెప్పాను. అది తృప్తిగా తలూపింది.

నాకు ఒక కోరిక పుట్టింది. నాయన పెనం దించే నిమిషానికి ఒక అంకె ఉండాలి కదా, అది కనిపెట్టాలని. అడిగితే అయ్యోరు బడిలోని పొడవాటి థర్మామీటరు, సెంటిగ్రేడులో రెండు వందల దాకా గీతలున్నది, ఆదివారం తనే తెచ్చారు. కర్రకు కట్టి పెనంలో ముంచాం. రసం కాగడం మొదలయ్యాక అంకె నూరు దాటి కొద్దిగా ఎక్కి గంటకు పైగా అక్కడే నిలిచిపోయింది. అమ్మ పిప్పి తోస్తూనే ఉంది, మంట మండుతూనే ఉంది, పాదరసం మాత్రం కదలదు. గాజు చెడిపోయిందేమో అనుకున్నాను. నాయన పెనం మీంచి చూపు తిప్పకుండానే చెప్పాడు.

"పొయ్యి పెట్టేదంతా నీళ్ళను తరమడానికే పోతా ఉండాది పాపా. నీళ్ళు పోనీ. అప్పుడు సూడు దాని జోరు."

అట్లాగే జరిగింది. నీళ్ళు ఇగిరాక అంకె గబగబా ఎక్కింది. పెద్ద పెద్ద బుడగలు చిన్నవయ్యాయి, పెనం చప్పుడు మారింది. నాయన చెయ్యెత్తి "దించండి" అన్న క్షణాన నేను చదివిన అంకె నూట పద్దెనిమిది. రెండో పెనానికీ అదే. మూడో పెనానికి ఒక్క గీత తేడా. అయ్యోరు నాయనకు దండం పెట్టారు. కదలిక చూసి వేడి చెప్పగల మనిషి మా నాయన. ఆ రోజు నుంచి ఆయనకు నా అంకెల మీద గురి కుదిరింది. వచ్చినవాళ్ళందరికీ, నా కంటికి కనపడేది నా బిడ్డ గాజుపుల్లకు కనపడింది అని చెప్పుకున్నాడు. గరిటెలోని పాకమూ పెనంలోని పాకమూ ఒకే అంకె చూపిస్తాయని నేను చెబితే, "గరిటెడు మీద పడితే బొబ్బ. పెనంలో పడితే మనిషే ఉండడు. అంకె ఒకటే అయితే మాత్రం రెండూ ఒకటేనా?" అని నవ్వాడు. ఉష్ణానికీ ఉష్ణోగ్రతకూ ఉన్న ఆ తేడా బడిలో మాకు పెద్ద తరగతిలో గాని చెప్పలేదు.

పెనంలోంచి తీయగానే ఆ పొడవాటి థర్మామీటరులో పాదరసం దానంతట అదే సర్రున దిగిపోవడం నేను చాలాసార్లు చూశాను. ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

తర్వాత నెలలో చెల్లెలికి జ్వరం వచ్చింది. వచ్చిన రోజే బడిలో ఆ మాట చెబితే, అయ్యోరు తన పెట్టెలోంచి జ్వరం చూసే చిన్న థర్మామీటరు, ఫారెన్‌హీటు గీతలది, తీసి ఇచ్చారు. కుళాయి కింద కడిగి, రెండు మూడుసార్లు విదిలించి, గొట్టంలో పెట్టారు. చంకలో రెండు నిమిషాలు పెట్టి చూడాలని, వేడి నీళ్ళతో కడగకూడదని చెప్పారు. ఆయన విదిలించింది తడి పోవడానికని నేను అనుకున్నాను. గాజు వస్తువును అట్లా ఊపితే ఎక్కడైనా తగిలి పగులుతుంది. నేనైతే మెత్తటి గుడ్డతో శుభ్రంగా తుడిచేదాన్ని.

మర్నాటి నుంచి రోజూ పొద్దున ఏడున్నరకు చూసి నోటుపుస్తకంలో రాశాను. మొదటి రోజు నూరు. రెండో రోజు నూటొకటి. మూడో రోజు నూట రెండు మీద ఒక గీత. నాలుగో రోజు నూట మూడు మీద రెండు గీతలు. ఎక్కుతూ పోయింది కాబట్టి నాలుగూ సరైన అంకెలే. ఊళ్ళో డాక్టరు లేడు. జేజి కషాయం కాచి పోసింది, అమ్మ తడిగుడ్డ వేసింది. జ్వరం తగ్గకపోతే చిత్తూరుకు తీసుకుపోదామని నాయన అన్నాడు.

ఐదో రోజు పొద్దున ఆరు గంటలకు పెనంలో రసం పోశారు. ఆ చెరకు మాది కాదు. చెల్లెలు కొట్టంలో చాప మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. ముందు రోజు దాకా మూలిగేది, కాళ్ళు తన్నుకునేది, గెణుసుగడ్డ అడిగేది. ఆ పొద్దున ఏమీ అడగలేదు. ఏడున్నరకు చంకలో థర్మామీటరు పెట్టాను. పెట్టే ముందు పాదరసం ఎక్కడుందో చూడాలని నాకు తట్టలేదు. రెండు నిమిషాలు లెక్కపెట్టి తీసి చూశాను. నూట మూడు మీద రెండు గీతలు. సరిగ్గా నిన్నటి గీత. మనిషి ఒళ్ళు రెండు రోజులు ఒకే గీత మీద నిలబడదని ఇప్పుడు నాకు తెలుసు.

అప్పుడే జేజి చెల్లెలి కాళ్ళ దగ్గర కూర్చుని పాదాలు పట్టుకుంది. పట్టుకున్నది పట్టుకున్నట్టే ఉండి నాయనను పిలిచింది. ఆయన పెనం దగ్గర నుంచే పలికాడు.

"బిడ్డ కాళ్ళు సల్లగుండాయిరా. పెనం ఇడిసిపెట్టి రా. తొమ్మిది బస్సుకు పోదాం."

నాయన పెనం వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు.

"ఎంతుండాది పాపా?"

"నూట మూడు మీద రెండు గీతలు నాయనా."

"నిన్నెంత?"

"అంతే."

జేజి నా చేతిలోకి చూసి, "ఆ గాజుపుల్ల అవతల పెట్టు మే. నా సెయ్యి సెప్తా ఉండాది" అంది. నాకు కోపం వచ్చింది. జేజి చేతులు ఎప్పుడూ పొయ్యి దగ్గర ఉంటాయి, వాటికి ఏది ముట్టుకున్నా చల్లగానే ఉంటుంది, థర్మామీటరు అబద్ధం చెప్పదు అన్నాను. జేజితో నేను ఎదురు మాట్లాడడం అదే మొదలు. నాయన నా మాటే తీసుకున్నాడు.

"నిన్నటంతే గదమ్మా. పెనం దించి ఒంటిగంట బస్సుకు పోదాం."

పెనంలో బుడగ సైజు మారితే అటు తిరిగి నిలబడి ఉన్నా చప్పుడును బట్టి చెప్పగల మనిషి. కదలనిది చల్లబడుతోందని ఆయనకు ఎవరూ నేర్పనక్కరలేదు. ఆ ఒక్క పొద్దున ఆయన తన బిడ్డలో కదలిక చూడలేదు. నా అంకె విన్నాడు.

తొమ్మిది బస్సు రోడ్డు మీద హారను కొట్టుకుంటూ పోవడం నాకు వినిపించింది. తొమ్మిదీ నలభైకి పెనం దిగింది. నాయన చేతులు కూడా కడుక్కోకుండా కొట్టంలోకి వచ్చి చెల్లెలి నుదుటి మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి వెంటనే తీయలేదు. తర్వాత దాన్ని ఎత్తుకుని రోడ్డు వైపు పరుగెత్తాడు. వెనక అమ్మ, ఆ వెనక నేను. పదకొండు గంటలకు చింతపండు లారీ ఒకటి ఆగింది. చిత్తూరు ఇంకా మూడు మైళ్ళు ఉందనగా అమ్మ చెల్లెలి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. లారీ ఆపమని ఎవరూ అనలేదు. ఆసుపత్రిలో డాక్టరు చూసి, ఇట్లాంటి జ్వరాల్లో వేడి దిగిపోయి ఒళ్ళు చల్లబడినప్పుడే ప్రమాదమనీ, పది గంటలకు తెచ్చి ఉంటే సెలైను ఎక్కించి చూసేవాళ్ళమనీ చెప్పాడు. తొమ్మిది బస్సు చిత్తూరు చేరేది పది గంటలకే.

అయ్యోరు చెప్పింది తప్పు కాదు. ఆ మధ్యాహ్నం కూడా చెల్లెలి ఒంట్లో రేణువులు ఏవీ ఆగి ఉండవు. చుట్టూ ఉన్న గాలి ఎంత జోరుగా ఉందో అంత జోరుకు వచ్చి, అట్లాగే పరుగెత్తుతూ ఉండి ఉంటాయి. ఆగింది చెల్లెలు ఒక్కటే.

ఆ పెనం బెల్లం ఆ ఏడాదికల్లా మంచి రంగు తేలిందని తర్వాత విన్నాను. ఆ రైతు ఒక దిమ్మె మా ఇంటికి పంపించాడు. అమ్మ దాన్ని తీసుకుపోయి వాళ్ళ ఆవుకే పెట్టి వచ్చింది.

పదకొండో రోజు దాటాక థర్మామీటరు తిరిగి ఇవ్వడానికి బడికి పోయాను. అయ్యోరు నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. గొట్టంలోంచి దాన్ని తీసి వెలుతురుకు పెట్టి చూశారు. నూట మూడు మీద రెండు గీతలు. అది ఇంకా అక్కడే ఉంది. ఆయన అలవాటుగా విదిలించారు. పాదరసం అడుక్కు దిగిపోయింది.

ఎందుకు దిగింది అని అడిగాను. దీని గొంతు దగ్గర సన్నటి నొక్కు ఉంటుందనీ, ఎక్కిన పాదరసం విదిలిస్తే గాని వెనక్కి రాదనీ చెప్పడం మొదలుపెట్టి, నా మొహం చూసి మధ్యలో ఆపేశారు. "నేను సెప్పలేదా నీకు?" అని అడిగారు. చెప్పలేదు. చేసి మాత్రం చూపించారు. అయినా నేను చెప్పారనే తలూపాను. ఆయన నమ్మలేదనుకుంటాను. ఆ వేసవిలోనే బదిలీ చేయించుకుని వెళ్ళిపోయారు.

నాయన మళ్ళీ పాకం చూడలేదు. రైతులు వచ్చి అడిగినా పోలేదు. మామిడితోటలకు కాపలా పోయాడు. నేను టీచరమ్మనై తిరుపతిలో ఇల్లు తీసుకున్నాక మా దగ్గరికి వచ్చాడు. ముప్పై ఒక్క ఏళ్ళు సైన్సు చెప్పాను. థర్మామీటరు పాఠం వచ్చినప్పుడల్లా ముందు విదిలించడం నేర్పి, ఒక్కొక్కరి చేతా చేయించేదాన్ని. ఎందుకంత పట్టుదలో ఏ పిల్లకూ చెప్పలేదు. నాయనకూ చెప్పలేదు. మొదట భయం. తర్వాత ఎప్పుడు చెబుదామన్నా, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడుగుతాడేమోనని ఇంకో భయం. ఆలస్యం పెరిగేకొద్దీ చెప్పడం కష్టమైంది.

చివరి రోజుల్లో ఆయనకు రోజూ జ్వరం వచ్చేది. నేనే చూసేదాన్ని. ఒక మధ్యాహ్నం థర్మామీటరు విదిలిస్తుంటే నా చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వు ఆ పొద్దు సరిగ్గానే సెప్పినావు పాపా. నేనే పెనం ఇడసలేకపోయినాను."

అప్పుడు చెప్పి ఉండవచ్చు. ఇంట్లో ఎవరూ లేరు, ఆయనకు తెలివి బాగా ఉంది. లేదు నాయనా, నేను సరిగ్గా చెప్పలేదు అంటే ఐదు మాటలు. నేను థర్మామీటరు చంకలో పెట్టి, రెండు నిమిషాలు లెక్కపెట్టి, "నూరు, నాయనా" అన్నాను. ఆయన కళ్ళు మూసుకున్నాడు. నాలుగు రోజుల తర్వాత, తను చేయని తప్పును చేసినవాడిలా పోయాడు. కాదు, సరిగ్గా రాయాలి. నేను చేసిన తప్పును తను చేశాననుకుంటూ పోయాడు.

మొన్న మనవరాలు నిద్రపోయాక అలమార అడుగున ఉన్న ఆ ఏడో తరగతి నోటుపుస్తకం తీశాను. ఐదు అంకెలు ఒకదాని కింద ఒకటి, గీత తప్పకుండా ఉన్నాయి. నా అక్షరాలు అప్పుడే బాగుండేవి. ఇన్నేళ్ళలో ఎందరో పిల్లల లెక్కలు దిద్దాను గాని ఆ పేజీ ముట్టలేదు. ఐదో అంకెను అడ్డంగా కొట్టేశాను. పక్కన సరైనది రాయాలి. అది ఎంతో నాకు తెలియదు, ఇక ఎవరికీ తెలియదు. ఆ పొద్దున చెల్లెలి ఒంట్లో వేడిని సరిగ్గా కొలిచింది ఒక్కరే. అందుకని అంకె వేయవలసిన చోట జేజి మాట రాశాను.

కాళ్ళు సల్లగుండాయి.